నీళ్లు దిగాక ఆసుపత్రిని ఏ వరుసలో తెరవాలి

వరద ముంచిన ఆసుపత్రిలోనైనా, భూకంపం కుదిపిన ఆసుపత్రిలోనైనా ఇన్ఫెక్షన్ల ముప్పు మొదటి రోజున పెద్దగా మోసం చేయదు. ఆ రోజు బురద కళ్లముందే ఉంటుంది కాబట్టి ఎవరి జాగ్రత్తలో వాళ్లుంటారు. మోసం జరిగేది రెండో వారంలో. అప్పటికి నేల ఆరి, గోడకు కొత్త రంగు పడి, మంచాల మీద దుప్పట్లు పరిచి ఉంటాయి. గోడ లోపలి తడిలో బూజు, నీళ్లు కదలని పైపులో న్యుమోనియా తెప్పించే లెజియొనెల్లా బ్యాక్టీరియా, ఆవిరి సరిగా అందని ఆటోక్లేవ్‌లో (ఒత్తిడిగల ఆవిరితో పనిముట్లపై క్రిములన్నిటినీ చంపే యంత్రం) సగం స్టెరిలైజ్ అయిన పనిముట్లు అప్పుడే రోగి దగ్గరకు చేరతాయి. ఆరినట్టు కనిపించడం వేరు, ఆరడం వేరు.

అందుకే ఆసుపత్రి మొత్తాన్ని ఒకే రోజు తెరవకూడదు. ముందు నీళ్లు, మురుగు, కరెంటు, వ్యర్థాల ఏర్పాటు. ఆ తర్వాత అత్యవసర విభాగం, ఓపీ, కాన్పుల గది. స్టెరిలైజేషన్ విభాగం పరీక్షలన్నీ నెగ్గిన తర్వాతే ఆపరేషన్ థియేటర్, దాని వెనక ఐసీయూ, డయాలసిస్. క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు ఉండే వార్డు అన్నిటికంటే చివర. ఒత్తిడి ఎక్కువగా వచ్చేది థియేటర్ తెరవమనే. అక్కడ లొంగితే మిగతా కష్టమంతా వృథా అవుతుంది.

ముందు అడుగు పెట్టేవాళ్ల సంగతి

భవనం నిలబడుతుందని ఇంజినీరు, కరెంటు ప్రమాదం లేదని ఎలక్ట్రీషియన్ చెప్పేదాకా శుభ్రం చేసేవాళ్లను లోపలికి పంపకండి. వరద నీటిలో మురుగు, ఇంధనం, పదునైన ఇనుప ముక్కలు, పాత సూదులు కలిసి ఉంటాయి. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు, మందపాటి రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. బూజు గీకేచోట, ఎండిన బురద ఊడ్చేచోట ఎన్95 మాస్కు కావాలి, గుడ్డ మాస్కు సరిపోదు. నిజానికి ఎండిన బురదను ఊడ్చనే కూడదు, తడిపి ఎత్తాలి. పారిశుధ్య సిబ్బందికి ధనుర్వాతం టీకా, హెపటైటిస్-బి టీకా వేశారో లేదో పనికి ముందే చూడండి. లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల సోకే జ్వరం) ఎక్కువగా ఉండే ప్రాంతంలో వరద నీటిలో దిగి పనిచేసేవాళ్లకు ముందుజాగ్రత్తగా వారానికొకసారి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 200 మిల్లీగ్రాములు ఇవ్వాలా వద్దా అన్నది వైద్యుడు మొదటి రోజే తేల్చాలి. జ్వరాలు మొదలయ్యాక ఆ ఆలోచనకు అర్థం లేదు.

భవనం లోపలా, కిటికీల పక్కనా జనరేటర్ నడపవద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

నీళ్లు

నీళ్లు లేని ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ల నివారణ అనేది కాగితం మీద మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రోజుకు ఒక్కో ఇన్‌పేషెంటుకు 40 నుంచి 60 లీటర్లు, ఓపీలో ఒక్కో సంప్రదింపుకు 5 లీటర్లు, ఒక్కో ఆపరేషన్‌కు లేదా కాన్పుకు 100 లీటర్లు కావాలి. 50 పడకలు నిండి, రోజుకు 200 మంది ఓపీకి వచ్చి, 6 కాన్పులు జరిగితే ఇన్‌పేషెంట్లకు 60 చొప్పున 3,000, ఓపీకి 1,000, కాన్పులకు 600 కలిపి 4,600 లీటర్లు. ట్యాంకర్లు అంత తేలేకపోతే ఏ విభాగం మూసి ఉంచాలో ఈ లెక్కే చెబుతుంది.

సంపు, పై ట్యాంకు శుభ్రం చేయడం ఇలా:

1. ట్యాంకు నుంచి వార్డులకు వెళ్లే వాల్వు మూసి, నీళ్లు పూర్తిగా తోడేయండి. సంపులోకి మనిషి దిగాల్సివస్తే మూతలు తెరిచి గాలి ఆడనివ్వండి, నడుముకు తాడు కట్టండి, పైన ఇంకొకరు కాపలా ఉండాలి. బురద కుళ్లిన సంపులో ప్రాణవాయువు తగ్గిపోయి, విషవాయువు చేరి ఉండవచ్చు. కాపాడబోయి దిగిన రెండో మనిషి కూడా చనిపోవడం ఇలాంటి చోటే జరుగుతుంది. గాలిని మీటరుతో పరీక్షించే వీలు లేకపోతే దిగకుండా పై నుంచే పొడుగాటి బ్రష్షు, గొట్టంతో కడగండి.

2. అడుగు బురద ఎత్తేసి, గోడలు సబ్బుపొడి నీళ్లతో రుద్ది, రెండుసార్లు కడిగి పారబోయండి.

3. మంచి నీళ్లతో నింపి, లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండేలా కలపండి. 1,000 లీటర్లకు 30 శాతం బ్లీచింగ్ పౌడర్ అయితే సుమారు 167 గ్రాములు, 70 శాతం కాల్షియం హైపోక్లోరైట్ అయితే 71 గ్రాములు. పొడిని నేరుగా ట్యాంకులో వేయకండి. బకెట్లో కలిపి, తెల్లటి ముద్ద అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోయండి.

4. వాల్వు తెరిచి ప్రతి కుళాయిలోనూ క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి, కట్టేసి, 24 గంటలు అలాగే ఉంచండి. ఈలోగా కుళాయిలకు 'తాగరాదు' అని బోర్డు కట్టాలి.

5. మొత్తం పారబోసి (చెరువులోకో కాలువలోకో కాదు, చేపలు చస్తాయి), మంచి నీళ్లతో నింపి, మిగులు క్లోరిన్ (క్రిములను చంపాక నీటిలో ఇంకా మిగిలిన క్లోరిన్) కొలవండి.

అత్యవసర పరిస్థితిలో ప్రతి కుళాయి దగ్గరా లీటరుకు కనీసం 0.5 మిల్లీగ్రాముల మిగులు క్లోరిన్ ఉండాలి. క్లోరిన్ కలిపాక 30 నిమిషాలు ఆగి కొలవాలి. నీటి పీహెచ్ 8 దాటితే క్లోరిన్ మందగిస్తుంది. నీళ్లు కలకగా ఉంటే, అంటే మీటరుపై 5 ఎన్‌టీయూ (కలకను కొలిచే యూనిట్) దాటితే, క్లోరిన్ మడ్డినే తినేస్తుంది. అలాంటి నీళ్లను పటిక వేసి తేర్చి లేదా వడకట్టి, ఆ తర్వాతే క్లోరిన్ కలపండి. కొలిచేటప్పుడు ఒక మోసం ఉంది. క్లోరిన్ పరీక్షకు వాడే డీపీడీ మాత్ర వేస్తే నీళ్లు గులాబీ రంగుకు తిరగాలి. క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ రంగునే అది కొట్టేస్తుంది, నీళ్లు తెల్లగా ఉండిపోతాయి. క్లోరిన్ లేదనుకుని ఇంకా పోస్తారు. తెల్లగా ఉండి వాసన ఘాటుగా వస్తే, నమూనాను పదింతలు పలుచన చేసి మళ్లీ కొలవండి.

ట్యాంకు బాగుపడినంత మాత్రాన పైపులు బాగుపడవు. వారాల తరబడి వాడని పైపుల్లో నీళ్లు గోరువెచ్చగా నిలబడి లెజియొనెల్లాకు ఇల్లవుతాయి. ఆ బ్యాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య పెరుగుతుంది, షవరు తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కుళాయి మూతి దగ్గరి జాలీలు, షవర్ తలలు విప్పి తుప్పూ బురదా తీసేయండి. చల్లనీళ్లు ముందు, వేడినీళ్లు తర్వాత, పైపు మొదలు నుంచి చివరకు ఒక్కో కుళాయీ వదలండి. వేడినీటి వ్యవస్థ ఉంటే 71 నుంచి 77 డిగ్రీల నీటిని ప్రతి కుళాయి నుంచీ కనీసం 5 నిమిషాలు వదలడం ఒక పద్ధతి. ఆ సమయంలో వార్డులో రోగులు ఉండకూడదు, చర్మం కాలిపోతుంది. ఆ తర్వాత నిల్వ ఎప్పుడూ 60 డిగ్రీలకు తగ్గకూడదు. కుళాయిలు వదిలే మనిషికి ఎన్95 ఇవ్వండి. నెబ్యులైజర్లలో, వెంటిలేటర్ల గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫయర్లలో కుళాయి నీళ్లు పోయడం ఈ రోజుల్లోనే కాదు, ఎప్పుడూ తప్పే. అక్కడ స్టెరైల్ వాటర్ మాత్రమే. అందరూ మరిచిపోయేది ఐస్ యంత్రం. ఉన్న ఐసు పారేసి, దానికి నీళ్లందించే పైపు వదిలి, లోపల తుడిచి, కొత్తగా తయారైన మొదటి విడతలు కూడా పారేయండి. కంటి కడుగుడు కుళాయిలు, దంత వైద్య కుర్చీ పైపులు కూడా ఇదే జాబితాలోకి వస్తాయి.

భూకంపం తర్వాత ఇంకో ప్రమాదం. మంచినీటి పైపూ మురుగు పైపూ ఒకేచోట పగిలి, సరఫరా ఆగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోతే, మురుగు మంచినీటిలోకి పీల్చుకుపోతుంది. కుళాయి దగ్గర క్లోరిన్ ఉదయం ఉండి సాయంత్రం మాయమైతే ముందు దీన్నే అనుమానించండి. మురుగు వాసన వస్తున్న గదిలో నేల జాలీ కింద పైపు వంపు ఎండిపోయిందేమో చూడండి. ఆ వంపులో నీళ్లుంటేనే మురుగు గాలి పైకి రాదు. వారానికోసారి ఒక చెంబు నీళ్లు పోస్తే చాలు.

క్లోరిన్ ద్రావణాలు

సూత్రం ఒకటే. కావాల్సిన క్లోరిన్ శాతాన్ని చేతిలో ఉన్న మందులోని క్లోరిన్ శాతంతో భాగించి 1,000తో గుణిస్తే, లీటరుకు ఎన్ని గ్రాములో వస్తుంది. పది లీటర్ల బకెట్‌కు లెక్క ఇది. రక్తం, వాంతి, మలం పడినచోట 0.5 శాతం ద్రావణానికి 30 శాతం బ్లీచింగ్ పౌడర్ 167 గ్రాములు లేదా 70 శాతం హైపోక్లోరైట్ 71 గ్రాములు. మామూలు నేల, మంచం, బల్లలకు 0.1 శాతం ద్రావణానికి 33 గ్రాములు లేదా 14 గ్రాములు. 5 శాతం ద్రవ హైపోక్లోరైట్ అయితే 0.5 శాతానికి ఒక లీటరు, 0.1 శాతానికి 200 మిల్లీలీటర్లు పోసి, మొత్తం పది లీటర్లు అయ్యేలా నీళ్లు కలపండి. చెంచాలతో కాదు, తూకంతో కొలవండి. తడి గాలికి తెరిచి ఉంచిన బ్లీచింగ్ పౌడర్ బలం రోజురోజుకూ దిగిపోతుంది. గడ్డకట్టి ఘాటు లేని బస్తాను పక్కన పెట్టండి. ద్రావణం ప్రతి రోజూ కొత్తగా కలపాలి, బకెట్ మీద సమయం రాయాలి.

క్లోరిన్ మురికి మీద పనిచేయదు. బురద మీద పోస్తే బురదతోనే ఖర్చయిపోతుంది. వరుస ఇది: బురద ఎత్తడం, సబ్బునీళ్లతో రుద్దడం, మంచినీళ్లతో తుడవడం, ఆ తర్వాత క్లోరిన్ రాసి పది నిమిషాలు తడిగా ఉండనివ్వడం. లోహం మీదైతే తర్వాత మళ్లీ మంచినీళ్లతో తుడవాలి, లేకుంటే తుప్పు పడుతుంది. ఆమ్లం ఉన్న టాయిలెట్ క్లీనర్‌తోగానీ అమ్మోనియా ఉన్నవాటితోగానీ కలిపితే విషవాయువు పుడుతుంది. రెండు మందులూ ఒకే బండి మీద పెట్టకపోవడమే మేలు. పిచికారీ, ఫాగింగ్ చూడటానికి పెద్ద పనిలా కనిపిస్తాయి. తుంపర పడిన చుక్క మేర మాత్రమే తడుస్తుంది, మంచం కింద ఎండిన బురద అలాగే ఉంటుంది, కొట్టేవాడి ఊపిరితిత్తులు మండుతాయి. గుడ్డతో చేతులారా తుడవడానికి ప్రత్యామ్నాయం లేదు.

గోడ, కప్పు, బూజు

గడియారం 48 గంటలది. ఆ లోపల ఆరని జిప్సం బోర్డు, ఫాల్స్ సీలింగ్ పలక, ఇన్సులేషన్, కార్పెట్, ప్రెస్‌వుడ్ బీరువా బూజు పట్టాయనే లెక్కలో పెట్టుకుని తీసేయండి. మురుగు కలిసిన నీళ్లు తగిలితే 48 గంటలు కూడా చూడనక్కర్లేదు. జిప్సం గోడను నీటి గుర్తు దాకా కోస్తే సరిపోదు. లోపల తడి వత్తిలా పైకి ఎక్కుతుంది కాబట్టి, గుర్తుకంటే 30 నుంచి 60 సెంటీమీటర్ల పైన కోయాలి. తేమ మీటరు 20 శాతం దాటి చూపిన బోర్డును ఉంచవద్దు. నురుగు పరుపులోకి నీళ్లు దిగితే పారేయడమే. కవరు మార్చి వాడటం మహా ప్రమాదం.

ఇటుక, సిమెంటు గోడలు, కాంక్రీటు నేల బతికి బట్ట కడతాయి కానీ ఆరడానికి వారాలు తీసుకుంటాయి. ఆరిందో లేదో చూడటానికి ఖర్చు లేని పరీక్ష ఉంది. 45 సెంటీమీటర్ల చదరపు పాలిథిన్ షీటు తీసుకుని కాంక్రీటుకు అన్ని వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించండి. కనీసం 16 గంటల తర్వాత తీసి చూడండి. షీటు లోపలి వైపు చెమ్మ కనిపించినా, కింద నేల రంగు ముదిరినా ఇంకా ఆరలేదు. అలాంటి చోట ఆయిల్ పెయింటు వేస్తే తడి లోపలే బందీ అవుతుంది. నెల తిరక్కుండా పొక్కులు, వాటి కింద నల్లటి బూజు. ప్రారంభోత్సవానికి ముందు రంగు వేయించాలన్న తొందర ఉన్నచోట ఈ షీటు అంటించి చూపించండి, వాదన తగ్గుతుంది.

బూజు తీసే పని ఇన్ఫెక్షన్ కోణంలో ఆపరేషన్ లాంటిదే. రోగులు ఉన్న వైపు తలుపులు, ఏసీ రంధ్రాలు ప్లాస్టిక్ షీటుతో మూసి, లోపలి గాలి కిటికీ గుండా బయటికి పోయేలా ఫ్యాను పెట్టి, గది బయటికంటే తక్కువ ఒత్తిడిలో ఉండేలా చూడండి. విరిచిన ముక్కలను తడిపి, సంచిలో కట్టి, రోగులు నడవని దారిలో దించండి. నున్నటి గట్టి తలాల మీద బూజును సబ్బునీళ్లతో రుద్ది ఆరబెడితే సరిపోతుంది. రంధ్రాలున్న తలం మీద బ్లీచ్ చల్లితే పైన తెల్లబడుతుంది, వేళ్లు లోపలే ఉంటాయి. గాలి నమూనా తీసి లెక్కపెట్టించమని కొందరు అడుగుతారు. గాలిలో ఇన్ని బూజు బీజాలుంటే పర్వాలేదని అందరూ ఒప్పుకున్న సంఖ్య ఏదీ లేదు. కంటికి బూజు కనిపించకపోవడం, ముక్కుకు వాసన రాకపోవడం, మీటరు ఎండినట్టు చూపడం. ఈ మూడూ కలిస్తేనే గది సిద్ధం.

ఎవరికి ముప్పు అన్న ప్రశ్నకు జవాబు ముందే చెప్పాం. ఆరోగ్యవంతుడికి తుమ్ములు తెప్పించే ఆస్పర్జిల్లస్ అనే బూజు, తెల్లకణాలు పడిపోయిన రోగి ఊపిరితిత్తిని తినేస్తుంది. మరమ్మతులు జరుగుతున్నంత కాలం ఆ రోగులను ఆ అంతస్తులోనే ఉంచవద్దు.

స్టెరిలైజేషన్ విభాగం

మునిగిన ఆటోక్లేవ్‌ను ఆన్ చేసి చూద్దాం అనుకోకండి. బయోమెడికల్ ఇంజినీరు వైరింగు, సేఫ్టీ వాల్వు, డోర్ రబ్బరు, వాక్యూమ్ పంపు చూడాలి. నీళ్లు తగలకపోయినా సరే, కదిపి వేరే గదిలో పెడితే లేదా నీటి సరఫరా మారితే అది కొత్త యంత్రం లెక్కే. ఖాళీ ఛాంబర్‌లో జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ (వేడికి సులువుగా చావని బ్యాక్టీరియా) బీజాలున్న సూచికతో వరుసగా మూడు సైకిళ్లు నెగ్గాలి. ఛాంబర్‌లోని గాలిని పంపుతో లాగేసే వాక్యూమ్ రకమైతే, గాలి పూర్తిగా పోయి ఆవిరి అంతటా చేరుతోందో లేదో చూసే బౌవీ-డిక్ పరీక్షలు ఆ తర్వాత మూడు కూడా నెగ్గాలి. ఒక్కటి తప్పినా మళ్లీ ఒకటి నుంచి. బీజాల సూచికతో పాటు ఆటోక్లేవ్‌లో పెట్టని ఇంకో గొట్టాన్ని కూడా ఇంక్యుబేటర్‌లో ఉంచండి. అది పెరగాలి. పెరగకపోతే బీజాలు ముందే చచ్చాయన్నమాట, మీ 'పాస్' ఫలితానికి విలువ లేదు. వరదలో వేడెక్కిన గోదాములో పడి ఉన్న సూచికల విషయంలో ఇది తరచూ తగిలే చిక్కు.

చుట్టిన పనిముట్లకు, ఆవిరే గాలిని కిందికి నెట్టే గ్రావిటీ రకంలో 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు, వాక్యూమ్ రకంలో 132 డిగ్రీల దగ్గర 4 నిమిషాలు. ఇది ఉష్ణోగ్రత చేరాక మొదలయ్యే లెక్క, బటన్ నొక్కినప్పటి నుంచి కాదు. కరెంటు మధ్యలో పోతే సైకిల్ మొదటి నుంచి. బయటికి తీసిన ప్యాక్ తడిగా ఉంటే స్టెరైల్ కాదు. తడి గుడ్డ గుండా క్రిములు లోపలికి నడిచిపోతాయి. విపత్తు తర్వాత తడి ప్యాకులు ఎక్కువ కావడానికి కారణం చాలాసార్లు ఆవిరిలో నీళ్లు ఎక్కువగా ఉండటం, లేదా తొందరలో ఛాంబర్‌ను కుక్కి నింపడం.

నీళ్లు తగిలిన స్టెరైల్ ప్యాకులను విప్పి, కడిగి, మళ్లీ స్టెరిలైజ్ చేయాలి. ఒక్కసారి వాడి పారేసే సిరంజీలు, క్యాథెటర్లు, కుట్టు దారాలు తడిస్తే పారేయాలి. పైన ప్లాస్టిక్ పొడిగా కనిపించినా, అట్టపెట్టె తడిసి ఉంటే లోపలి కాగితం అంచును వేలితో తడిమి చూడండి. నీటి మరక కనిపిస్తే వద్దు. ఉడకబెట్టడం స్టెరిలైజేషన్ కాదు. 20 నిమిషాల మరుగు చాలా క్రిములను చంపుతుంది కానీ ధనుర్వాతం బీజాల దగ్గర భరోసా లేదు. వేరే దారి లేనప్పుడు మాత్రమే, అదీ ఆపరేషన్‌కు కాదు.

స్టెరైల్ సెట్లు ఎన్ని సిద్ధంగా ఉంటే ఆ రోజు అన్నే ఆపరేషన్లు. పనిముట్లను త్వరత్వరగా తిప్పి వాడదాం అనే ఆలోచన దగ్గరే మొదటి గాయం చీము పడుతుంది.

థియేటర్, ఐసీయూ గాలి

థియేటర్‌లో గంటకు 20 సార్లు గాలి మారాలి, లోపలి ఒత్తిడి వసారా కంటే 2.5 పాస్కల్స్ ఎక్కువ ఉండాలి, ఉష్ణోగ్రత 20 నుంచి 24 డిగ్రీలు, తేమ 20 నుంచి 60 శాతం. అంటువ్యాధి రోగుల గదిలో దీనికి తలకిందులు. గంటకు 12 సార్లు గాలి మార్పు, లోపలి ఒత్తిడి 2.5 పాస్కల్స్ తక్కువ. మీటరు లేకపోతే తలుపు కింద సందులో పలుచటి టిష్యూ కాగితం వేలాడదీయండి. థియేటర్‌లో అది బయటికి ఊగాలి, అంటువ్యాధి గదిలో లోపలికి. తలుపు మూసి, రెండు వైపులా చూడండి.

తడిసిన ఫిల్టరును ఆరబెట్టి వాడకండి, మార్చండి. లోపల స్పాంజి లైనింగ్ ఉన్న డక్టు తడిస్తే ఆ ముక్క తీసేయడమే. ఏసీ కింద నీళ్లు పట్టే పళ్లెంలో జిగురు పేరుకుందేమో చూడండి. వరుస ముఖ్యం. ముందు మరమ్మతులన్నీ, తర్వాత కొత్త ఫిల్టర్లతో గాలిని ఒక రోజంతా నడిపించి దుమ్ము దింపడం, చివరిగా తుడవడం. తిరగేస్తే తుడిచిన బల్ల మీద డక్టులోని దుమ్మంతా పడుతుంది. ఆ తర్వాత ఒక్కో కేసుకూ మధ్య: గంటకు 20 గాలి మార్పులుంటే గాలిలో తేలే కణాల్లో 99 శాతం పోవడానికి 14 నిమిషాలు, 6 మాత్రమే ఉంటే 46 నిమిషాలు. ఏసీ సగం బలంతో నడుస్తుంటే కేసుల మధ్య వ్యవధి ఆ మేరకు పెరగాలి.

కిటికీలే దిక్కైన వార్డులో ఎదురెదురు కిటికీలు తెరిచి ఉంచి, దోమతెర బిగించండి. మంచాల అంచుల మధ్య కనీసం ఒక మీటరు. రద్దీలో మొదట కుంచించుకుపోయేది ఈ మీటరే.

చేతులు, వార్డు, వ్యర్థాలు

చేతికి బురదా రక్తమూ అంటితే సబ్బు, నీళ్లు, 40 నుంచి 60 సెకన్లు. లేకుంటే ఆల్కహాల్ రబ్, 20 నుంచి 30 సెకన్లు. సరఫరా ఆగితే రబ్‌ను ఫార్మసీలోనే కలుపుకోవచ్చు. పది లీటర్లకు 96 శాతం ఇథనాల్ 8,333 మిల్లీలీటర్లు, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417, 98 శాతం గ్లిజరాల్ 145, మిగతాది కాచి చల్లార్చిన నీళ్లు. సీసాల్లో పోసి 72 గంటలు ఆగి వాడాలి. ఆ గడువులో సీసాలోని బీజాలను పెరాక్సైడ్ చంపుతుంది. మంట దరిదాపుల్లో కలపకండి. పనిచేసే సింకు లేని ప్రతి వార్డులో కుళాయి ఉన్న మూత బకెట్, కింద నీళ్లు పట్టే తొట్టి పెట్టండి. తొట్టి లేకపోతే రెండో రోజుకల్లా నేల మడుగవుతుంది.

ప్రవేశం దగ్గరే మూడు రకాల వాళ్లను వేరుచేయండి: దగ్గు, జ్వరం ఉన్నవాళ్లు, విరేచనాలు ఉన్నవాళ్లు, ఒంటిపై దద్దుర్లున్నవాళ్లు. తట్టు గాలిలో ఎగిరి అంటుతుంది, దద్దు రావడానికి నాలుగు రోజుల ముందు నుంచే. దాన్ని నిరీక్షణ హాలులో గుర్తించలేకపోతే వార్డులో గుర్తించి లాభం తక్కువ. ఒక్కొక్కరికీ వేరే గది లేకపోతే ఒకే జబ్బువాళ్లను ఒకచోట పెట్టండి, వాళ్లకు వేరే నర్సు, వేరే మరుగుదొడ్డి. మొత్తం మీద 20 మంది ఇన్‌పేషెంట్లకు ఒకటి తగ్గకుండా మరుగుదొడ్లు ఉండాలి.

సూదుల పెట్టె ముప్పావు నిండగానే మూసేయండి. వ్యర్థాలు తీసుకెళ్లే వాహనం రాలేని రోజుల్లో పూడ్చే గుంత బావికి 50 మీటర్ల దూరంలో, అడుగు భాగం భూగర్భ జలానికి కనీసం 2 మీటర్ల పైన ఉండాలి. వరద దిగిన నేలలో ఈ రెండో షరతు కుదరడమే కష్టం. కుదరకపోతే గట్టు కట్టిన పొడిచోట తాళం వేసి నిల్వ ఉంచడమే మంచిది. తడిసిన దుప్పట్లను 71 డిగ్రీల నీటిలో 25 నిమిషాలు ఉతకాలి. వాటిని ఉతకేవరకు గుట్టగా పోయకండి, ముద్ద లోపల బూజు పడుతుంది.

గాయాలు, వ్యాధుల క్యాలెండర్

శిథిలాల కింద పడిన గాయాన్ని తొలి రోజే కుట్టేయడం అలవాటుగా వచ్చే తప్పు. మట్టి పడిన గాయాన్ని, ఆరు గంటలు దాటిన గాయాన్ని మంచినీళ్లతో లేదా సెలైన్‌తో ధారాళంగా కడిగి, చచ్చిన కండ కోసి, తెరిచి ఉంచి కట్టు కట్టాలి. మూడు నుంచి ఐదు రోజుల తర్వాత శుభ్రంగా ఉంటేనే కుట్టాలి. ధనుర్వాతం టీకా చరిత్ర తెలియని వాళ్లకు టీకాతో పాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్ (సిద్ధంగా తయారైన యాంటీబాడీల ఇంజెక్షన్) 250 యూనిట్లు, వేరే చోట గుచ్చాలి. 2004 సునామీ తర్వాత ఇండోనేషియాలోని అచేలో 106 ధనుర్వాతం కేసులు నమోదై 20 మంది చనిపోయారు. 2011లో అమెరికాలోని జోప్లిన్ టోర్నడో తర్వాత గాయాల్లోకి మట్టి దూసుకుపోయి 13 మందికి మ్యూకోర్‌మైకోసిస్ అనే ఫంగస్ జబ్బు వచ్చింది, అయిదుగురు బతకలేదు. గాయం అంచు నల్లబడి, యాంటీబయాటిక్స్‌కు లొంగకుండా విస్తరిస్తుంటే పైపై స్వాబ్ పంపి ఊరుకోవద్దు. కండ ముక్క తీసి ఫంగస్ పరీక్షకు పంపండి, శస్త్రవైద్యుడిని ఆ గంటే పిలవండి.

ఏ జబ్బు ఎప్పుడు తలుపు తడుతుందో తెలిస్తే మంచాలు సిద్ధంగా పెట్టుకోవచ్చు. కలరా కొన్ని గంటల నుంచి 5 రోజులు. ధనుర్వాతం 3 నుంచి 21 రోజులు. లెప్టోస్పైరోసిస్ 2 నుంచి 30 రోజులు, ఎక్కువగా 5 నుంచి 14 మధ్య. లెజియొనెల్లా న్యుమోనియా 2 నుంచి 14 రోజులు. హెపటైటిస్-ఎ 15 నుంచి 50 రోజులు. నిలవ నీళ్లలో దోమ గుడ్డు ఎగిరే దోమ కావడానికి వారం, పది రోజులు చాలు, కాబట్టి డెంగీ ఆ తర్వాతి వారాల్లో వస్తుంది. కలరా విపత్తుతో పాటే రావాలనీ లేదు. హైతీలో భూకంపం 2010 జనవరిలో, కలరా మొదలైంది అక్టోబరులో.

ఒక కాగితం చాలు నిఘాకు. ప్రతి వార్డులో ప్రతి రోజూ మూడు అంకెలు: 24 గంటల్లో మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు విరేచనాలైనవాళ్లు, చేరిన 48 గంటల తర్వాత కొత్తగా జ్వరం వచ్చినవాళ్లు, చీము పట్టిన ఆపరేషన్ గాయాలు. ఒకే వార్డులో ఇద్దరికి ఒకే వారం విరేచనాలు మొదలైతే ఆ రోజే నీళ్లు, చేతులు, మరుగుదొడ్డి చూడండి. ల్యాబు రిపోర్టు కోసం ఆగవద్దు.

డయాలసిస్

తెరిచే వరుసలో దీన్ని వెనక్కి పెట్టడానికి కారణం ఉంది. డయాలసిస్ రోగి రక్తానికీ నీటికీ మధ్య ఒక పలుచటి పొర మాత్రమే. విపత్తు తర్వాత నగర సరఫరాలో క్లోరిన్ పెంచుతారు. అది జనానికి మేలు, డయాలసిస్ యూనిట్‌కు పరీక్ష. క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) దాన్ని పట్టి ఆపే కార్బన్ ట్యాంకును దాటి యంత్రంలోకి వస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. రెండు కార్బన్ ట్యాంకులు వరుసగా ఉండాలి, ఒక్కోదానిలో నీరు కనీసం 5 నిమిషాలు నిలవాలి. ప్రతి షిఫ్టు ముందూ మొదటి ట్యాంకు తర్వాత మొత్తం క్లోరిన్ కొలవండి. లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటితే రెండో ట్యాంకు తర్వాత కొలవండి. అక్కడా దాటితే రోగిని ఎక్కించకండి. ఆర్ఓ యంత్రం, శుద్ధ నీటిని యంత్రాలకు తిప్పే లూపు పైపులు డిస్‌ఇన్ఫెక్ట్ చేసి, బ్యాక్టీరియా మిల్లీలీటరుకు 100 కాలనీల లోపు, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుంచి వచ్చే విషం) మిల్లీలీటరుకు 0.25 యూనిట్ల లోపు వచ్చిన రిపోర్టు చేతికి వచ్చాకే మొదటి రోగి. అప్పటిదాకా వేరే ఆసుపత్రికి పంపే ఏర్పాటును, వాహనంతో సహా, మొదటి రోజే కుదుర్చుకోవాలి. ఈ రోగులు వారానికి మూడుసార్లు రావాల్సినవాళ్లు, ఆగలేరు.

తెరిచిన ప్రతి గది తలుపు మీద తేదీ, తేమ మీటరు అంకె, మిగులు క్లోరిన్, సంతకం ఉన్న కాగితం అంటించండి. మొదటి మూడు నెలలు వారానికోసారి మళ్లీ కొలవండి. వాసన తిరిగి వచ్చినా, రంగు పొక్కినా, మీటరు పెరిగినా గది మూసేయండి. మూయడానికి ఎవరి అనుమతి కావాలన్నది తెరవకముందే రాసి ఉండాలి, ఆ పేరు రాత్రి షిఫ్టులో కూడా అందుబాటులో ఉండేవాళ్లదై ఉండాలి.